వద్దనుకున్న పచ్చబొట్టును ఏం చేయాలి?

పచ్చబొట్టు వద్దనిపించగానే చాలామంది లేజర్‌కు ఎంతవుతుందని వాకబు చేయడం మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మిమ్మల్ని బాధిస్తున్నది ఒంటి మీద అసలు పచ్చబొట్టు ఉండటమా, ఆ ఫలానా పేరో బొమ్మో ఉండటమా, లేక కొన్ని సందర్భాల్లో అది నలుగురి కంట పడటమా? మూడోదానికి మేకప్, రెండోదానికి మరో బొమ్మ సరిపోవచ్చు. మొదటిదానికి మాత్రం లేజరో కోతో తప్పదు. చర్మం మునుపటిలాగే అయిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి, ఎంతవరకు పోతే మీకు చాలునో ముందుగానే అనుకోవడం మంచిది.

అప్పుడప్పుడు దాచుకుంటే చాలనుకునేవారికి మచ్చలను కప్పే చిక్కటి కన్సీలర్లు ఉన్నాయి. చర్మం రంగు కన్సీలర్‌ను నేరుగా పూస్తే కింది సిరా బూడిద రంగులో పైకి కనబడుతుంది. అందుకని ముందు నారింజ ఛాయ ఉన్న కరెక్టర్‌ను పలుచగా అద్ది, అది ఆరాక చర్మం రంగుదాన్ని రుద్దకుండా తట్టుతూ వేసి, చివర పౌడర్ అద్దాలి. చెమట పట్టే చోట, బట్ట రాసుకునే చోట ఇది ఎక్కువసేపు నిలవదు.

పాత బొమ్మ మీద కొత్తది వేయించే కవర్ అప్‌లో గుర్తుంచుకోవలసిందల్లా, ముదురు రంగును లేత రంగు కప్పలేదన్నదే. అందువల్ల కొత్త బొమ్మ పాతదానికంటే పెద్దదిగా, ముదురుగా ఉండక తప్పదు. చిన్న పేరును కప్పడానికి అరచేయంత పువ్వు కావలసి రావచ్చు. రెండు మూడు విడతల లేజర్‌తో పాత సిరాను పలచబరచి, చర్మం పూర్తిగా మానాక కవర్ అప్ వేయిస్తే కళాకారుడికి ఎంతో వెసులుబాటు దొరుకుతుంది. నా దృష్టిలో చాలామందికి సరిపడే మార్గం ఇదే. అయితే, ఏదో ఒకనాటికి మొత్తం తీయించేద్దామనుకునేవారు మాత్రం దీని జోలికి వెళ్లకూడదు, ఎందుకంటే సిరా పొర మీద పొర చేరితే లేజర్ పని అంతకంతకూ కష్టమవుతుంది.

లేజర్ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. సిరా చర్మం పైపొర కింద, డెర్మిస్ అనే పొరలో ఉంటుంది. శరీర రక్షక కణాలు ఆ రేణువులను మింగుతాయి గానీ, వాటి పరిమాణం వల్ల అక్కడినుంచి తరలించలేక అలాగే పట్టుకుని ఉంటాయి. లేజర్ చేసేది ఆ రేణువులను ముక్కలు చేయడం మాత్రమే. ముక్కలను మోసుకుపోయే పని శరీరానిది. విడతకూ విడతకూ మధ్య సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఆగమనడానికి, తొందరపడి దగ్గరదగ్గరగా చేయించుకుంటే చర్మం దెబ్బతినడం తప్ప లాభం లేకపోవడానికి కారణం ఇదే. చుట్టుపక్కల చర్మాన్ని వదిలి ఫలానా రంగును మాత్రమే వేడెక్కించేలా అతి స్వల్పకాలపు కాంతిని పంపవచ్చన్న సూత్రాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్‌లో 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి నలుపు, ముదురు నీలాలకు, 532 నానోమీటర్లది ఎరుపుకు పనిచేస్తుంది; ఆకుపచ్చకు 694 లేదా 755 నానోమీటర్ల లేజర్లు కావాలి. పసుపు, తెలుపు మొండివి. చామనఛాయ, నలుపు చర్మాల్లోని సహజ వర్ణకం 1064 కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది కనుక ఆ చర్మాలకు అదే భద్రమైనది. అయినా తెల్ల మచ్చలో నల్ల మచ్చలో మిగిలే అవకాశం ఉంటుంది.

కాంతి తగిలిన మరుక్షణం, చిటపటమనే సన్నని చప్పుడుతో, గీత సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. అది లోపల పుట్టిన వాయు బుడగల వల్లనే గనుక కాసేపటికి సర్దుకుంటుంది. సిరా అప్పుడే పోయిందని సంబరపడకూడదు. అనుభవం లేని చేత వేసిన పలుచటి నల్ల పచ్చబొట్టు కొద్ది విడతల్లో పోవచ్చు గానీ, వృత్తి కళాకారులు వేసిన దట్టమైన రంగుల బొమ్మకు పది, అంతకు మించి కూడా పట్టవచ్చు. మెడ, ఛాతీ కంటే చీలమండల దగ్గర, వేళ్ల మీద ఆలస్యమవుతుంది. పొగతాగేవారిలోనూ అంతే.

కనుబొమలకు, పెదవులకు వేయించుకున్న సౌందర్య పచ్చబొట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వాటిలోని ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లేజర్ తగిలితే ఒక్కసారిగా నల్లబడగలవు. ముందు చిన్న చోట పరీక్షించి చూడమని అడగండి. ఎర్ర సిరా ఉన్నచోట దురద, ఉబ్బు ఉంటే అది అలర్జీ కావచ్చు. లేజర్‌తో ఆ సిరా చెదిరి ఒళ్లంతా అలర్జీ చెలరేగే ప్రమాదం ఉంది. పచ్చబొట్టులో పుట్టుమచ్చ ఉన్నా, కీలాయిడ్లు (గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే మచ్చలు) వచ్చే తత్వం ఉన్నా, బంగారం కలిసిన కీళ్ల మందులు ఎప్పుడైనా వాడి ఉన్నా చర్మవైద్యులకు ముందే చెప్పాలి. గర్భిణులు వాయిదా వేసుకోవడమే మేలు.

చిన్న పచ్చబొట్టయితే, చుట్టూ చర్మం వదులుగా ఉంటే, కోసి కుట్లు వేయించుకోవచ్చు. సిరా ఒక్కసారిగా పోతుంది, బదులుగా గీతలాంటి మచ్చ మిగులుతుంది. ఎర్ర సిరా అలర్జీకి చాలాసార్లు ఇదే తగిన దారి. ఇక అంగట్లో దొరికే క్రీములు డెర్మిస్ దాకా చేరలేవు. చేరేంత ఘాటైన ఆమ్లాలు చర్మాన్ని కాల్చి మచ్చ చేస్తాయి. ఉప్పుతో గీకడం, ఇంట్లో వాడే లేజర్ పెన్నులు కూడా ఆ కోవలోవే.

లేజర్ తరువాత చోటును శుభ్రంగా ఉంచి, పెట్రోలియం జెల్లీ రాసి, గాయానికి అంటుకోని కట్టుగుడ్డతో కప్పాలి. బొబ్బలు వస్తే చిదపకూడదు, పెచ్చులు గిల్లకూడదు. మానాక కూడా ఎండ తగలకుండా బట్టతో గానీ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌తో గానీ కాపాడుకోవాలి. నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా తరువాతి విడత దాకా ఆగకుండా వెంటనే వైద్యులకు చూపించాలి.