హెల్మెట్ కిందికి ఇయర్‌ఫోన్స్ ఎలా ఎంచుకోవాలి

ఇయర్‌ఫోన్స్ కొనేటప్పుడు అందరూ సౌండ్ ఎలా ఉందని అడుగుతారు. హెల్మెట్ కిందికైతే నేను ముందు చూసేది అవి చెవి బయటికి ఎంత పొడుచుకొస్తున్నాయో. పెట్టుకుని, అరచేతిని చెవి మీద చదునుగా ఆనించండి. చేతికి గట్టిగా తగిలిందంటే వదిలేయండి. హెల్మెట్ లోపలి ప్యాడ్ దారి పొడుగునా దాన్నే నొక్కుతుంటే చెవి నొప్పి భరించలేరు. కాడలు కిందికి వేలాడే రకమైతే హెల్మెట్ తొడిగేటప్పుడే ఊడొస్తుంది.

తర్వాత టిప్స్, అంటే చెవిలోకి దూరే మెత్తటి తొడుగులు. అసలు పనంతా వీటిదే. నా ఓటు మెమరీ ఫోమ్‌కే, అంటే నలిపితే నలిగి మెల్లగా మళ్లీ ఉబ్బే స్పాంజి రకానికే. దాన్ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి తోయాలి. అది ఉబ్బేదాకా, ఓ అర నిమిషం, వేలితో అలాగే పట్టుకోవాలి. మాట్లాడితే మీ గొంతు మీకే డబ్బాలోంచి వచ్చినట్టుంటే సరిగ్గా కూర్చున్నట్టే. హెల్మెట్ పెట్టుకుని ఓసారి ఆవలించండి. సీల్, అంటే చెవిలో సందు లేకుండా మూసుకున్న పట్టు, వదిలిందా, సైజు మార్చండి.

బయటి మోతను ఎలక్ట్రానిక్‌గా తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ కోసం అదనంగా డబ్బు పోయడం దండగ అంటాను. నిలకడైన ఇంజిన్ మోతకు అది పనికొస్తుంది గానీ, సుడులు తిరిగే గాలి హోరుకు తడబడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపలి మోత 95 డెసిబెల్స్ దాటొచ్చు. 85 దగ్గర ఎక్కువసేపు ఉన్నా చెవికి ముప్పే. దానిపైన మళ్లీ వాల్యూమా! సీల్ బాగుంటే తక్కువ సౌండే చాలు.

టచ్ కంట్రోల్స్ ఆఫ్ చేసే వీలుందో లేదో చూడండి, ప్యాడ్ తగిలి పాటలు వాటంతటవే మారిపోతాయి. బండి మీద ఇయర్‌ఫోన్స్ కొన్నిచోట్ల నిషేధం, కొన్నిచోట్ల ఒక చెవికే అనుమతి. మీ దగ్గర రూల్ ఏమిటో కొనేముందే కనుక్కోండి.