పాత గేమ్ కన్సోల్‌కు కొత్త టీవీలో బొమ్మ సరిగ్గా రాకపోతే

అనంతపురంలో నా దగ్గరికి రిపేరుకొచ్చే ప్లేస్టేషన్ 2లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. దయచేసి కన్సోల్ విప్పేముందు కేబుల్ చూడండి.

బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోందా? చాలా ఎల్‌ఈడీ టీవీల్లో బొమ్మను మోసే పసుపు పిన్నుకు విడిగా సాకెట్ ఉండదు, ఆకుపచ్చదే ఏవీకి (బొమ్మంతా ఒకే వైరులో), కాంపొనెంట్‌కు (బొమ్మ మూడు వైర్లలో విడిగా) రెండింటికీ పనిచేస్తుంది. సోర్స్‌లో కాంపొనెంట్ తీసేసి ఏవీ పెట్టండి. అప్పటికీ రంగు రాకపోతే టీవీ సెట్టింగ్స్‌లో కలర్ సిస్టమ్‌ను (రంగులు పంపే పద్ధతిని) ఆటోలో ఉంచండి. మన దేశానిది పాల్ పద్ధతి, అమెరికా, జపాన్ కన్సోళ్లది ఎన్‌టీఎస్‌సీ.

బొమ్మ అసలు రాకుండా, లేదా గీతలతో వణుకుతూ, స్పీకర్లో జుయ్యిమని మోత వస్తోందా? టీవీ వెనక మూడు రంగుల సాకెట్లకు బదులు ఏవీ ఇన్ అని ఒక్క సన్నని రంధ్రమే ఉంటే, దొంగ అక్కడే ఉన్నాడు. దానికి ఒక చివర 3.5 ఎంఎం పిన్ను, ఇంకో చివర మూడు సాకెట్లు ఉన్న చిన్న కేబుల్ కావాలి. టీవీతో వచ్చినది పోగొట్టుకుని, టవర్ క్లాక్ దగ్గర చేతికందినది కొనుక్కొస్తారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి వైరింగ్ మాత్రం వేరు. పిన్ను మీద నాలుగు భాగాలుంటాయి: రెండు ఆడియోకు, ఒకటి వీడియోకు, ఒకటి గ్రౌండ్‌కు. ఏది ఎక్కడన్నది కంపెనీని బట్టి మారుతుంది. వీడియో వెళ్లి ఆడియో దారిలో పడితే వచ్చేదే ఆ మోత.

కన్సోల్ పసుపు పిన్నును ఆ చిన్న కేబుల్ ఎరుపు సాకెట్లో, తర్వాత తెలుపులో పెట్టి చూడండి. సిగ్నల్ ఒక వోల్టు పాటిదే, టీవీకేమీ కాదు. బొమ్మ వచ్చిందంటే మిగతా రెండు పిన్నులూ మిగిలిన సాకెట్లలో పెట్టేసుకోండి. ఎక్కడా సరిగ్గా రాకపోతే గ్రౌండే తేడా. మల్టీమీటర్‌తో సాకెట్ బయటి రింగుకు పిన్నులో ఏ భాగంతో కంటిన్యుటీ (తెగని వైరు దారి) ఉందో చూసి, టీవీ మాన్యువల్‌లోని పిన్ను బొమ్మతో పోల్చండి. కలవకపోతే ఆ కేబుల్ మీ టీవీకి పనికిరాదు. కొత్తది కొనేటప్పుడు, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగండి.

బొమ్మ వస్తోంది కానీ మసకగా ఉందా? షార్ప్‌నెస్ తగ్గించండి, నాయిస్ రిడక్షన్ ఆపండి, గేమ్ మోడ్ వేయండి, సైజు 4:3 పెట్టండి. ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చవక డబ్బా కొనకండి, అందులోకి పోయేదీ అదే మసక సిగ్నల్. ఆ డబ్బుకు కాంపొనెంట్ కేబుల్ తీసుకుంటే తేడా కంటికి కనిపిస్తుంది. దాంతో రంగులు ఆకుపచ్చగా వస్తే, కన్సోల్ సెట్టింగ్స్‌లో కాంపొనెంట్ వీడియో అవుట్‌ను ఆర్‌జీబీ నుంచి మార్చండి.

కన్సోల్‌లో కెపాసిటర్ పోవడం, వీడియో చిప్పు కాలడం అరుదు. ఇవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టండి.