ఇంట్లో పురుడు – నాలుగో పాఠం: దీపం ఎప్పుడు కొండెక్కాలి

ఇంగ్లండులో ఇంట్లోనే కాన్పుకు సిద్ధమవుతున్నవారికి, మిడ్‌వైఫుగా (మన మాటలో మంత్రసానిగా) నేను రాస్తున్న పాఠాలివి. మూడో పాఠంలో నీళ్ల తొట్టి, అంటే నొప్పుల వేళ తల్లి దిగి కూర్చునే గాలి తొట్టి గురించి రాశాను. అది తేలిక పాఠమనుకున్నాను. తరువాత వచ్చిన ఉత్తరాలు చూస్తే నేను పాఠం చెప్పానా, కొంపలు ముంచానా అని అనుమానం వచ్చింది. ఈ వారం గది సర్దుకోవడం మొదలుపెట్టాలి. ముందు ఆ తొట్టి సంగతి తేల్చుకుందాం.

మొదటి తప్పు నాదే. ‘ముందుగా సిద్ధం చేసుకోండి’ అని రాసి వదిలేశాను. నా ఉద్దేశం ఒకసారి గాలి నింపి, గొట్టం మీ కుళాయికి పడుతుందో లేదో చూసి, మళ్లీ మడిచి పెట్టమని. ఒక పాఠకుడు 38వ వారంలోనే నీళ్లు నింపి, హీటరు తగిలించి, మూత వేసి రెండు రోజులుగా కాపలా కాస్తున్నారట. అయ్యా, ఇది చదవగానే ఆ నీళ్లు పారబోయండి. గోరువెచ్చగా నిలవున్న నీటిలో, తీవ్రమైన న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. ఇలాగే ముందుగా నింపి వేడిగా ఉంచిన తొట్టిలో ఇంట్లోనే పుట్టిన ఒక బిడ్డకు ఆ జబ్బు సోకడంతో, 2014లో ఇంగ్లండు ప్రజారోగ్య అధికారులు అలాంటి తొట్లు ఇళ్లలో వాడవద్దని హెచ్చరించారు. నొప్పులు కుదిరాకే నింపాలి. అంతకు ముందు చుక్క నీరు కూడా వద్దు.

రెండోది, మేడ మీది పడకగది. అరవై సెంటీమీటర్ల లోతున నీళ్లుంటే చదరపు మీటరుకు ఆరు వందల కిలోలు. ఇక్కడి చెక్క నేలలను చూసి కూడా ‘పర్వాలేదా’ అని అడుగుతున్నారు. కింది గదిలో పెట్టండి.

మూడోది వేడి. నీళ్లు 37.5 డిగ్రీలు దాటకూడదు. థర్మామీటరు కొనండి. మన అమ్మమ్మలు మోచేయి ముంచి ‘ఇంకాస్త కాగాలి’ అంటారే, ఆ లెక్క బాలింత స్నానానికి సరిపోతుందేమో గాని దీనికి చెల్లదు.

తొట్టి సామాన్లలో జల్లెడ ఎందుకని చాలామంది అడిగారు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని సామెత. ఆ వచ్చేదాన్ని నీళ్లలోంచి తీయడానికి. పిండి జల్లెడ వంటగదిలోనే ఉండనివ్వండి, దీనికోసం ఇంకొకటి కొనండి.

ఇక గది. పాత తువ్వాళ్లు, ప్లాస్టిక్ దుప్పట్లు, చెత్త సంచులు మీ మిడ్‌వైఫ్ ఇచ్చిన జాబితాలోనే ఉన్నాయి, మళ్లీ రాయను. అందులో సాధారణంగా కనిపించని రెండు మాత్రం చెబుతాను. ఒకటి, మెడ వంచగలిగే బల్లదీపం. మసక వెలుతురులో కాన్పు బాగానే జరుగుతుంది, కుట్లు వేయడం కుదరదు. రెండు, వీధిలో పర్మిట్ పార్కింగ్ అయితే సందర్శకుల పర్మిట్లు రెండు. వచ్చేది ఇద్దరు మిడ్‌వైఫులు, రెండు కార్లు. నేనైతే వాటిని గుమ్మం పక్కన తాళాల కొక్కేనికే తగిలించమంటాను.

ఇప్పుడు నన్ను ఏళ్లుగా విసిగిస్తున్న విషయం. నొప్పులకు మేము వాడే గ్యాసు, ఎంటొనాక్స్, సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. కొన్ని చోట్ల 37వ వారంలోనే సిలిండర్లు మీ ఇంటికి చేరుస్తారు, కొన్ని చోట్ల మిడ్‌వైఫ్ వెంట తెస్తుంది. ‘మంట దగ్గర ఉంచరాదు’ అని దాని మీద రాసి ఉంటుంది. చదివి, ‘మా ఇంట్లో సిగరెట్లు ఎవరూ కాల్చరు’ అంటారు. నిజమే. మరి పూజగది?

ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. హాల్లోనే తొట్టి, హాల్లోనే దేవుడి మందిరం, మందిరం పక్కన చల్లగా ఉంటుందని సిలిండరు. నొప్పులు మొదలవగానే అత్తగారు రెండు వత్తులతో దీపం పెట్టారు. నేను చేరేసరికి అగరుబత్తీలు కూడా వెలుగుతున్నాయి. బతిమాలి అన్నీ ఆర్పించాను. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. నేను బిడ్డను తుడుస్తుంటే మోచేతికి జానెడు దూరంలో వెచ్చగా తగిలింది. తలెత్తి చూస్తే పళ్లెంలో కర్పూరం భగభగ మండుతోంది, ఆవిడ దిష్టి తీస్తున్నారు. కోడలి నోట్లో ఇంకా గ్యాసు గొట్టం ఉంది.

ఆ గ్యాసు తనంతట తాను మండదు. మండేదాన్ని విజృంభించేలా చేస్తుంది. చీర కొంగు, దుప్పటి, జుట్టు దాన్ని పట్టి ఉంచుకుంటాయి, మీట కట్టేశాక కూడా కాసేపు. మామూలుగా కొంగు అంటుకుంటే చేత్తో నలిపి ఆర్పేస్తాం. ఆక్సిజన్ పట్టిన కొంగు అంత సమయం ఇవ్వదు. కాబట్టి ఆ గదిలో దీపం, అగరుబత్తీ, కర్పూరం, సాంబ్రాణి, పరిమళాల కొవ్వొత్తి, ఏదీ వద్దు. హాలూ వంటగదీ కలిసి ఉన్న ఇల్లయితే గ్యాసు పొయ్యి కూడా వద్దు.

నూనె సంగతి ఇంకా ఎవరికీ తట్టదు. నడుముకు కొబ్బరినూనె రాయడం మంచిదే, నొప్పికి ఊరట. ఆ చేత్తోనే సిలిండరు మీట తిప్పకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె జిడ్డు తగిలితే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. వాజలీనుకూ ఇదే మాట. మీట జోలికి మిడ్‌వైఫ్ తప్ప ఎవరూ పోకండి.

అలాగని సిలిండరును గ్యారేజీలో పడేయకండి. మైనస్ 6 డిగ్రీల చలిలో ఆ రెండు వాయువులూ విడిపోతాయి. మొదట వట్టి ఆక్సిజన్ వచ్చి నొప్పి తగ్గదు, తరువాత ఆక్సిజన్ చాలని మిశ్రమం వస్తుంది, అది ప్రమాదం. ఇంట్లోనే, వెచ్చని చోట, పడుకోబెట్టి ఉంచండి.

అత్తగారితో ఈ మాట ఎలా చెప్పాలని అడుగుతారు. ‘ఆర్పేయండి’ అనకండి. పురుడు వచ్చే ఇంట దీపం ఆర్పమంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. ‘మొదటి నొప్పికి మీరే దీపం పెట్టండి, మిడ్‌వైఫ్ గుమ్మంలోకి రాగానే పువ్వుతో మీరే కొండెక్కించండి’ అనండి. ఆ పని ఆవిడది అయిపోతుంది. దిష్టి ఉప్పూ మిరపకాయలతో తీయవచ్చు, పొయ్యిలో వేయకుండా ఉంటే. నాకు తెలిసిన ఒక ఇంట్లో మందిరానికి బ్యాటరీ దీపం పెట్టారు. నాకు నచ్చలేదు గాని పని జరిగింది.

ఆసుపత్రి సంచి సర్దలేదని కొందరు గర్వంగా రాశారు. మొదటి పాఠంలోని అంకెలు మళ్లీ చూడండి. కాన్పు ఎక్కడ జరిగితే ఎంత ముప్పో ఇంగ్లండులో లెక్క తీసి 2011లో వెలువరించిన బర్త్‌ప్లేస్ అధ్యయనంలో, ముప్పు తక్కువని తేలి ఇంటి కాన్పుకు సిద్ధమైన తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి మార్చారు, మలిచూలు వారిలో నూటికి 12 మందిని. తొలిచూలులో బిడ్డకు తీవ్రమైన హాని కలిగినవి, ఇంట్లో అనుకున్నవారిలో వెయ్యికి 9.3, వైద్యులుండే ఆసుపత్రిలో అనుకున్నవారిలో 5.3. తొలిచూలు అయితే సంచి గుమ్మం దగ్గరే ఉండాలి.

హైదరాబాదు నుంచి అడిగినవారికి ఒకే మాట. ఈ పాఠాలు ఇంగ్లండులో ఉన్నవారికి. ఇద్దరు మిడ్‌వైఫులు, వారి వెనుక అంబులెన్సు, దాని వెనుక సిద్ధంగా ఉన్న ఆసుపత్రి, ఈ గొలుసంతా ఉంటేనే ఇది. గొలుసు లేకుండా తొట్టి ఒక్కటీ కొనుక్కోకండి.

అభ్యాసం ఒకటే. ఈ వారం ఒక రాత్రి రెండు గంటలకు అలారం పెట్టండి. లేచిన భర్త దీపాలు వేయకుండా పడక నుంచి వీధి గుమ్మం దాకా స్ట్రెచరు పట్టేంత దారి చేయాలి. ఆ తరువాత అత్తగారు ఫోను పట్టుకుని (డయల్ చేయకుండా) 999 (అంబులెన్సు) వారికి చెప్పినట్టు చిరునామా, పోస్ట్‌కోడు, ఎన్నో వారమో, ఎన్నో కాన్పో ఇంగ్లిషులో చెప్పాలి, కాగితం చూడకుండా. ఆవిడకే ఎందుకంటే, ఆ సమయానికి భర్త చేతులు ఖాళీగా ఉండవు. గడియారం చూసి సమయం నాకు రాయండి. పది నిమిషాలు దాటినవారు ఐదో పాఠం తెరవకండి, ఇదే మళ్లీ చేయండి.