పిల్లలున్న ఇంటికి ఏ జాతి పిల్లి? ఒక గ్రూమర్ మాట

పిల్లులకి బొచ్చు దువ్వడం, కత్తిరించడం, గోళ్ళు తీయడం నా పని. నా బల్ల మీదికి వచ్చేవాటిలో పర్షియన్లే ఎక్కువ. చంకల్లో, చెవుల వెనక, తొడల లోపలివైపు బొచ్చు ఉండలు కట్టి, అడుగు వేసినప్పుడల్లా చర్మాన్ని లాగుతూ ఉంటుంది. ముట్టుకుంటే బుస్సుమంటుంది. "దీనికి కోపం ఎక్కువండీ" అంటారు తెచ్చినవాళ్ళు. ఆ ఉండలన్నీ మిషన్ పెట్టి తీసేశాక అదే పిల్లి నా మోచేతికి తల రాస్తుంది. రోజూ దువ్వే తీరిక లేని ఇంటికి రోజూ దువ్వాల్సిన పిల్లి వచ్చింది, ఇంకేం లేదు.

అందుకే "ఇంట్లో పిల్లలున్నారు, ఏ జాతి తెచ్చుకోమంటారు?" అని అడిగేవాళ్ళకి ముందుగా జాతి పేరు చెప్పను. పగలు ఇంట్లో ఎవరుంటారు? అందరికంటే చిన్నవాడి వయసెంత? వచ్చేపోయేవాళ్ళు ఎక్కువా? దువ్వెన ఎవరి చేతిలో ఉంటుంది? ఈ చివరి ప్రశ్నకి ఒక మనిషి పేరు రావాలి. "అందరం చూసుకుంటాం" అన్నారంటే పొట్టిబొచ్చు పిల్లి చాలని నాకు అర్థమైపోతుంది. ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేనేళ్ళ దాకా బతకడం మామూలే. ఇప్పుడు బడికి వెళ్ళే పిల్లవాడు కాలేజీ దాటాక కూడా ఆ పని మిగిలే ఉంటుంది.

పొడుగుబొచ్చు జాతులన్నింటికీ ఒకే పని ఉండదు. పర్షియన్ బొచ్చు సన్నగా, లోపలి పొర ఒత్తుగా ఉంటుంది కాబట్టి రెండు రోజులు వదిలేస్తే చిక్కు పడటం మొదలవుతుంది. రాగ్‌డాల్ బొచ్చు పట్టులా జారుతుంది, వారానికి రెండు మూడుసార్లు దువ్వితే సాధారణంగా సరిపోతుంది. మెయిన్ కూన్ వీపు మీద పెద్దగా ఇబ్బంది ఉండదు. పొట్ట కింద, వెనక కాళ్ళ దగ్గర మాత్రం వదలకూడదు. ఏ జాతిదైనా ఉండ కట్టిన బొచ్చును ఇంట్లో కత్తెరతో కోయొద్దు. పిల్లి చర్మం పల్చన, ఉండతో పాటే పైకి లేస్తుంది. అలా తెగిన గాయాలు చూశాను.

పర్షియన్‌కి బొచ్చుతో పాటు ముఖం పని కూడా ఉంటుంది. ముక్కు లోపలికి నొక్కేసినట్టుంటే కన్నీటి దారి వంకర తిరిగి, నీరు బుగ్గల మీదికి కారుతుంది. రోజూ తుడవాలి. మరీ చప్పిడి ముఖం ఉన్నవాటికి ఊపిరి ఆడటం కూడా కష్టం, ఎండాకాలంలో ఇంకా కష్టం. దువ్వలేక పొట్టిబొచ్చున్న ఎగ్జాటిక్ షార్ట్‌హెయిర్ తెచ్చుకునేవాళ్ళున్నారు. దువ్వెన పని తగ్గే మాట నిజమే, ముఖం బాధ మాత్రం అలాగే ఉంటుంది. నచ్చితే ముక్కు కాస్త బయటికి కనిపించే పిల్లినే ఎంచుకోండి. తల్లికీ తండ్రికీ మూత్రపిండాల్లో నీటితిత్తులు వచ్చే జబ్బుకి జన్యుపరీక్ష చేయించారా అని అడగండి. ఇద్దరిలో ఒకరి నుంచి వచ్చినా ఆ జబ్బు పిల్లకి సంక్రమిస్తుంది.

చిన్నపిల్లలున్న ఇంటికి చాలామంది చెప్పే పేరు రాగ్‌డాల్. 1960లలో కాలిఫోర్నియాలో ఆన్ బేకర్ అనే ఆవిడ మొదలుపెట్టిన జాతి. నీలి కళ్ళు, ఎత్తుకుంటే ఒళ్ళు వదిలేసే స్వభావం. అన్నీ అలా వదిలేయవు, కొన్ని నా చేతుల్లోంచి చేపలా జారిపోయాయి. మెత్తని పిల్లులన్న మాట మాత్రం నిజం. ఈ జాతికి నొప్పి తెలియదని ఒక పుకారు ఎప్పటినుంచో ఉంది. అది శుద్ధ అబద్ధం. నా భయం వేరు. గీరే పిల్లి దగ్గర పిల్లలు ఒక్కసారికే బుద్ధి తెచ్చుకుంటారు. గీరని పిల్లిని రోజంతా ఈడుస్తూనే ఉంటారు. రాగ్‌డాల్ తెస్తే దానికి పెద్దవాళ్ళ కాపలా ఇంకా ఎక్కువ కావాలి.

గోలగా ఉండే ఇంటికి, ముఖ్యంగా కుక్క కూడా ఉన్న ఇంటికి, నా ఓటు మెయిన్ కూన్‌కే. మగది ఆరు నుంచి ఎనిమిది కిలోల దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే తూగుతుంది. పూర్తిగా ఎదగడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఒళ్ళో కూర్చోవడం కంటే మనం ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఉండటం దానికి ఇష్టం. ఆకారం అంత, గొంతు మాత్రం పిచ్చుకలా కిచకిచ! పిల్లి మలమూత్రాలకి ఇసుక పోసి పెట్టే మామూలు లిట్టర్ బాక్స్ దానికి చాలదు, మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని ఒక పక్క గోడ కోసి పెట్టుకోండి. మెయిన్ కూన్‌లోనూ రాగ్‌డాల్‌లోనూ గుండె కండరం మందమయ్యే జబ్బు కుటుంబంలో రావచ్చు. దానికి సంబంధించిన జన్యులోపాల్ని మెయిన్ కూన్‌లో 2005లో, రాగ్‌డాల్‌లో 2007లో గుర్తించారు, రెండింటికీ పరీక్షలున్నాయి. జన్యుపరీక్ష బాగుంటే గుండెకి ఎప్పటికీ ఢోకా లేదని కాదు. తల్లిదండ్రులకి గుండె స్కాన్ కూడా చేయించి ఉంటే ఇంకా మంచిది.

బ్రిటిష్ షార్ట్‌హెయిర్ గుండ్రటి ముఖం చూసి పిల్లలు ఎత్తుకోవాలని ఎగబడతారు. దానికేమో కాళ్ళు నేల మీద ఉంటేనే సుఖం. హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో 5,700కు పైగా పిల్లుల సమాచారంతో చేసిన అధ్యయనంలో మనుషులతో ఒంటిస్పర్శను తక్కువగా కోరుకునే జాతి ఇదేనని తేలింది. నా బల్ల మీద కూడా అంతే. మర్యాదగా కూర్చుంటుంది, పని అవగానే దిగి వెళ్ళిపోతుంది. పగలంతా అందరూ బయటికి వెళ్ళే ఇంటికి, "దాన్ని వదిలెయ్యి నాన్నా" అంటే వదిలేసే వయసు పిల్లలున్న ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది. కదలడం తక్కువ కాబట్టి తిండి కొలిచి పెట్టకపోతే తొందరగా లావెక్కుతుంది.

సయామీ, దాని దగ్గరి చుట్టాలు బర్మీస్, ఓరియంటల్ దీనికి పూర్తిగా తిరుగు. అవి మనుషుల్ని వదలవు. సయామీ అరుపు పసిపిల్ల ఏడుపులా ఉంటుంది, అడిగిందానికి జవాబు చెప్పేదాకా ఆపదు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇంట్లో ఇంతకంటే మంచి తోడు దొరకదు. పొద్దున తాళం వేసి సాయంత్రం తీసే ఇంట్లో మాత్రం పాపం. ఒంటరితనానికి తన ఒంటి బొచ్చు తనే నాకి నాకి పొట్ట నున్నగా చేసుకున్న పిల్లులు నా దగ్గరికి వస్తుంటాయి. జబ్బు వల్ల కూడా అలా జరగొచ్చు కాబట్టి ముందు డాక్టర్ దగ్గరికి పంపుతాను.

అబిసీనియన్‌కి ఎత్తులు కావాలి. బెంగాల్‌కి ఎత్తులూ కావాలి, ఆటా కావాలి, నీళ్ళ కుళాయీ కావాలి. ఆసియా చిరుతపిల్లి అనే అడవి జంతువుతో ఇంటి పిల్లిని కలిపి బెంగాల్‌ని తయారుచేశారు. అడవి రక్తానికి దగ్గరి తరాల బెంగాల్‌ని పిల్లలున్న ఇంటికి తేవొద్దు, కొన్నిచోట్ల చట్టం కూడా ఒప్పుకోదు. రష్యన్ బ్లూ నెమ్మదైనది, శుభ్రమైనది, కానీ కొత్తవాళ్ళంటే దానికి బెరుకు. వారం వారం చుట్టాలు దిగే ఇంట్లో అది మంచం కిందే కాపురం పెడుతుంది.

స్కాటిష్ ఫోల్డ్ గురించి అడిగితే వద్దనే అంటాను. 1961లో స్కాట్లాండ్‌లోని ఒక పొలంలో సూసీ అనే తెల్ల పిల్లి చెవులు ముడుచుకుని కనబడింది, జాతి అక్కడ మొదలైంది. ఆ చెవిని ముడిచే జన్యువే ఒంట్లో ఉన్న మృదులాస్థినంతా దెబ్బతీస్తుంది. చెవి ముడిచిన ప్రతి పిల్లిలోనూ ఎంతో కొంత ఆ లోపం ఉంటుంది. కొన్నింటికి చిన్న వయసులోనే తోక కొయ్యబారుతుంది, వెనక కాళ్ళ కీళ్ళు బిగుస్తాయి. గోళ్ళు తీయడానికి కాలు వంచగానే దాన్ని వెనక్కి లాక్కునే పిల్లి కళ్ళల్లోకి చూస్తే ఆ చెవులు ఇక ముద్దుగా అనిపించవు. బ్రిటన్‌లో పిల్లి జాతుల్ని నమోదు చేసే జీసీసీఎఫ్ సంస్థ దీన్ని నమోదు చేయదు. పొట్టి కాళ్ళ మంచ్‌కిన్ కూడా లోపాన్నే అందంగా చూపించి పెంచుతున్న జాతి. దాన్నీ నేను సిఫార్సు చేయను.

"ఇంట్లో ఒకరికి ఎలర్జీ, బొచ్చులేని స్ఫింక్స్ తెచ్చుకోమంటారా?" అని కూడా అడుగుతారు. ఎలర్జీ తెప్పించేది ఎక్కువగా ఫెల్ డి 1 అనే ప్రొటీన్. అది పిల్లి ఉమ్మిలో, చర్మపు నూనె గ్రంథుల్లో తయారవుతుంది, బొచ్చు దాన్ని మోస్తుందంతే. బొచ్చు లేకపోయినా ప్రొటీన్ ఉంటుంది. ఎలర్జీ అసలు రాని జాతి అంటూ లేదు. ఒకే జాతిలో రెండు పిల్లుల మధ్య కూడా దాని మోతాదు మారుతుంది కాబట్టి, ఎలర్జీ ఉన్న మనిషిని ఆ పిల్లి దగ్గరే చాలాసేపు, వేర్వేరు రోజుల్లో కూర్చోబెట్టి చూడాలి. పైగా స్ఫింక్స్ ఒంటి నూనె పీల్చుకునే బొచ్చు లేక దుప్పటికీ సోఫాకీ అంటుకుంటుంది. తరచూ స్నానం చేయించాలి, చలికీ ఎండకీ కాపాడాలి. బొచ్చు లేదు కాబట్టి పని తక్కువ అనుకోవద్దు.

ఇంతసేపూ జాతుల గురించి చెప్పాను గానీ, నా సొంత ఇంట్లో ఉన్నది ఏ జాతీ కాని చారల పిల్లి. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మొదటి పెద్ద పిల్లుల ప్రదర్శన 1871లో జరిగింది. మనం పేర్లు పెట్టి పిలిచే జాతుల్లో చాలావరకు ఆ తర్వాత రూపు దిద్దుకున్నవే. హెల్సింకి అధ్యయనమే స్వభావంలోని తేడాల్లో దాదాపు సగం వంశం నుంచి వస్తాయని చెబుతోంది. మిగతాది పెంపకం, అనుభవం. పిల్లికూన పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతులు, గొంతులు, ఇంటి చప్పుళ్ళు అలవాటైతే అది ఇంట్లో మసిలే పిల్లి అవుతుంది. ఆ వారాలు బోనులో గడిస్తే ఎంత మంచి జాతిదైనా బెదురుతూనే ఉంటుంది. తండ్రి పిల్లి స్వభావం కూడా కూనలకి వస్తుంది, వీలైతే తండ్రినీ చూడండి.

చిన్నపిల్లలున్న ఇంటికి రెండేళ్ళు దాటిన పిల్లిని దత్తత తీసుకోవడం అన్నిటికంటే తేలిక. దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది. మునుపు పిల్లలున్న ఇంట్లో పెరిగిందని తెలిస్తే ఇంకా నయం. కూనే కావాలంటే పన్నెండు వారాలకి ముందు తల్లి నుంచి విడదీసి ఇచ్చే చోట కొనొద్దు.

చూడటానికి వెళ్ళినప్పుడు నిలబడి వంగకుండా నేల మీద కూర్చోండి. వేలు దాని ముక్కు ఎత్తులో చాపి ఊరుకోండి. వచ్చి వాసన చూసి చెంప రాస్తే సంతోషం. కాసేపు ఆగి వచ్చినా పర్లేదు. మూలకి దూరి బిగుసుకుపోయిన కూనని జాలితో తెచ్చుకోవచ్చు గానీ, నాలుగేళ్ళ పిల్లవాడున్న ఇంటికి తేవొద్దు. జేబులో చిన్న దువ్వెన పెట్టుకెళ్ళి రెండుసార్లు వీపు మీద దువ్వండి, పాదం పట్టుకుని గోరు బయటికి నొక్కండి. చెవిలో కాఫీపొడిలాంటి మురికి ఉంటే పురుగులేమో అడగండి. నోరు తెరవకపోయినా ఊపిరి చప్పుడు వినబడితే వదిలేయండి. తెల్లగా, రెండు కళ్ళూ నీలంగా ఉన్న కూన అయితే వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. అలాంటి పిల్లుల్లో చెవుడు ఎక్కువ. ఇంట్లోనే ఉండే చెవిటి పిల్లి హాయిగా బతుకుతుంది, కాకపోతే వెనక నుంచి హఠాత్తుగా పట్టుకోకూడదని పిల్లలకి నేర్పాలి.

తెచ్చేముందు కిటికీలకి గట్టి మెష్ బిగించండి. పిట్టని చూస్తే పిల్లికి ఎత్తు గుర్తుండదు. లిల్లీ పువ్వులు ఇంట్లోకి రానివ్వొద్దు, వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. పారాసిటమాల్ పిల్లికి విషం. కుట్టు దారాలు, రిబ్బన్లు పిల్లలు వదిలేస్తే మింగుతుంది, పేగులు చుట్టుకుంటాయి. ఇంట్లో గర్భవతి ఉంటే లిట్టర్ పని ఇంకొకరు చేయాలి, అదీ రోజూ. పిల్లి మలంలో వచ్చే, కడుపులో బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి గుడ్లు అంటించే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.

ఒకటా రెండా అన్న సంగతి చివరికి మిగులుతుంది. పగలు ఖాళీగా ఉండే ఇంటికి, సయామీ లాంటి జాతికి, ఒకే ఈతలోని రెండు కూనల్ని కలిపి తేవడమే మేలు. ఒకదాని చెవి ఇంకొకటి గట్టిగా కొరికినప్పుడు ఎంత నొప్పో వాటికే తెలుస్తుంది, మన చేతుల మీద కొరకడం తగ్గుతుంది. అప్పుడు లిట్టర్ బాక్సులు మూడు పెట్టండి, మూడూ ఒకే మూలలో కాకుండా.