కీళ్లవాతంలో (రుమటాయిడ్ ఆర్థరైటిస్) మెడ ఆపరేషన్, 6వ పాఠం: గ్యాప్ తగ్గిందంటే బాగైందని కాదు

ఈసారి నేరుగా ఆపరేషన్ ఎంపికలోకి వెళ్దామనుకున్నాను. ఏ మెడకి సి1, సి2 (మెడలో పై రెండు ఎముకలు) మాత్రమే బిగించాలి, ఏ మెడకి తల ఎముక దాకా వెళ్లాలి అన్నది. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన మూడో ఎక్స్‌రే ఫిల్మ్‌కి మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని అలా వదిలేసి ముందుకు పోవడానికి మనసొప్పలేదు. సగం కంటే ఎక్కువమంది ఒకే మాట రాశారు: సి1 ముందు వంపుకీ సి2 నుంచి లేచిన ఎముకకీ మధ్య సందు, అంటే ముందు గ్యాప్, నాలుగేళ్ల క్రితం 9 మిల్లీమీటర్లు, ఇప్పుడు 4, అంటే మందులు పనిచేశాయి, ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూస్తే చాలు. మీరు ఇంటికి పంపేసింది ఎవరినో తెలుసా? ఆ ముగ్గురిలో అందరికంటే ముందు ఆపరేషన్ కావలసింది ఆవిడకే.

కొంత తప్పు నాది. గ్యాప్ కొలవడం నేర్పాను గానీ ఆ కొలత ఎప్పుడు మోసం చేస్తుందో చెప్పలేదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

సి1 ఒక ఉంగరం, సి2 నుంచి పైకి లేచిన డెన్స్ అందులో దూరిన వేలు. డెన్స్‌ని ముందుకి అదిమి పట్టుకునే ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ అనే అడ్డ పట్టీని వాపు తినేస్తే ఉంగరం ముందుకి జారుతుంది, అప్పుడు ఉంగరం ముందు వంపుకీ డెన్స్‌కీ మధ్య సందు పెరుగుతుంది. పెద్దవాళ్లలో 3 మిల్లీమీటర్లు దాటితే తేడా ఉన్నట్టు. ఇంతవరకు అందరూ సరిగానే రాశారు.

వ్యాధి అక్కడితో ఆగదు. సి1 పక్క కీళ్లు రెండు వైపులా అరిగి కూలిపోతే, తలా ఉంగరమూ కలిసి సి2 మీదికి కిందికి దిగిపోతాయి. వేలి కొస దగ్గర వదులుగా ఆడే ఉంగరం వేలి మొదట్లోకి జారితే బిగుతుగా కనిపిస్తుంది కదా. ఉంగరం చిన్నదైందా? లేదు, లావుగా ఉన్న చోటికి దిగింది. ఇక్కడా అంతే. ముందు వంపు సన్నని డెన్స్ దగ్గర్నుంచి దిగి సి2 శరీరం వెడల్పుగా ఉన్న చోటికి చేరింది కాబట్టి సందు 9 నుంచి 4కి వచ్చింది. ఆ సమయంలోనే డెన్స్ కొస తల కింది రంధ్రంలోకి ఎక్కి, మెదడు కింది కొస అయిన మెడుల్లా దగ్గరికి చేరుతోంది. ఫిల్మ్‌లో నంబర్ బాగుపడుతున్నకొద్దీ మనిషి పరిస్థితి దిగజారుతుంటుంది. కీళ్లవాతం మెడలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే పాత రిపోర్ట్, కొత్త రిపోర్ట్ పక్కపక్కన పెట్టి చూసి నంబర్ తగ్గిందని ఊరట చెప్పి పంపేసిన పేషంట్లని నేను వీల్‌చెయిర్‌లో చూశాను. ఫిల్మ్‌ని పట్టుకుని పట్టుమని పది సెకన్లు చూసి ఉంటే సరిపోయేది.

మీకు ఇచ్చిన వివరాల్లో ఇంకో రెండు వాక్యాలున్నాయి. ఆవిడ బొత్తాలు పెట్టుకోలేకపోతున్నారు, మెట్లు దిగేటప్పుడు కాళ్లు బిగుసుకుంటున్నాయి. ఒక్కరు తప్ప ఎవరూ వాటిని పట్టించుకోలేదు. వేళ్లు వంకరపోయాయి కాబట్టి బొత్తాలు పట్టడం లేదని రాసినవాళ్లకి నా ప్రశ్న: మరి మోకాళ్ల రిఫ్లెక్సులు ఎందుకు చురుగ్గా ఉన్నాయి? కీళ్లు పాడైతే రిఫ్లెక్సులు పెరగవు. వెన్నుపాము నలిగితే పెరుగుతాయి. కీళ్లవాతం పేషంట్‌లో బలహీనతని కీళ్ల మీదికి నెట్టేయడం చాలా తేలిక, అందుకే నేను ఫిల్మ్ ముట్టుకునే ముందు రిఫ్లెక్సులు చూస్తాను, వెన్నుపాము నలుగుడుని పట్టించే హాఫ్‌మన్, బాబిన్‌స్కీ పరీక్షలు చేస్తాను, పది అడుగులు నడిపిస్తాను.

సరే, మోసపోకుండా ఎలా చూడాలి? నా అడ్డదారి ఒకటుంది. పక్కనుంచి తీసిన ఫిల్మ్‌లో డెన్స్‌తో కలిపి సి2ని పై నుంచి కిందికి మూడు సమాన భాగాలు చేయండి. సి1 ముందు వంపు పై మూడో వంతుకి ఎదురుగా ఉండాలి. నడిమి భాగానికి దిగితే దిగడం మొదలైనట్టు, కింది భాగానికి దిగితే బాగా కూరుకుపోయినట్టు. క్లార్క్ స్టేషన్ అంటారు దీన్ని, స్కేలు కూడా అక్కర్లేదు. మూడో ఫిల్మ్‌లో ఆ వంపు ఎక్కడుందో ఇప్పుడు మళ్లీ చూడండి. కింది భాగంలో ఉంది.

దీనికి తోడుగా రెండు కొలతలు. రానావత్ కొలత: సి1 ముందు, వెనక వంపుల్ని కలుపుతూ ఒక గీత గీసి, సి2 పెడికల్ (శరీరాన్ని వెనక వంపుతో కలిపే ఎముక) మధ్య నుంచి డెన్స్ వెంట ఆ గీత దాకా కొలవాలి. మగవాళ్లలో 15, ఆడవాళ్లలో 13 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే తేడా. రెడ్‌లండ్-జోనెల్ కొలత: గట్టి అంగిలి వెనక అంచు నుంచి తల వెనక ఎముక అట్టడుగు దాకా గీసిన గీతకీ, సి2 శరీరం కింది అంచు మధ్యకీ దూరం. మగవాళ్లలో 34, ఆడవాళ్లలో 29 కంటే తక్కువ ఉండకూడదు. ఈ రెండూ నాకెందుకు ఇష్టమంటే ఇవి డెన్స్ కొస మీద ఆధారపడవు. ఈ వ్యాధిలో కొస అరిగిపోయి మసగ్గా ఉంటుంది, దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే తలో నంబర్ వస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎంఆర్ఐ తీయించండి, మూడూ కలవాలని చూడొద్దు.

ముందు గ్యాప్ కంటే నేను ఎప్పుడూ వెనక గ్యాప్‌నే నమ్ముతాను, అంటే డెన్స్ వెనక అంచు నుంచి సి1 వెనక వంపు దాకా. వెన్నుపాము ఉండేది అక్కడే. బోడెన్ బృందం 1993లో చూపించింది ఇదే: 14 మిల్లీమీటర్ల కంటే తగ్గితే పక్షవాతం ముప్పు, పక్షవాతం వచ్చాక 10 కంటే తక్కువున్నవాళ్లు కోలుకోలేదు. అయితే ఇది కూడా ఎముక నుంచి ఎముకకి దూరమే. డెన్స్ వెనక పెరిగిన ప్యానస్ (వాపు వల్ల పెరిగే మెత్తటి కండ) ఎక్స్‌రేలో కనపడదు, అది ఆక్రమించిన చోటు పోగా మిగిలేదే అసలు చోటు. తల కిందికి దిగిపోయిన మెడలో నొక్కుడు ఇంకా పైన, తల రంధ్రం దగ్గర ఉంటుంది కాబట్టి ఈ కొలత కూడా సరిపోదు. అక్కడ ఎంఆర్ఐలో మెడుల్లాకీ వెన్నుపాముకీ మధ్య కోణం చూడాలి, 135 డిగ్రీల కంటే తగ్గితే వంగి నలుగుతున్నట్టే.

ఇప్పుడు ఆపరేషన్. రెండో ఫిల్మ్ సి2 కింద మెట్లు మెట్లుగా జారినది, దాన్ని వచ్చే పాఠానికి ఉంచుతున్నాను.

మొదటి ఫిల్మ్ తేలిక. తల ముందుకి వంచితే గ్యాప్ 8, వెనక్కి ఎత్తితే 2, వెనక గ్యాప్ 13, తల దిగలేదు. అంటే జారుడు సర్దుకుంటోంది. దీనికి వెనక నుంచి సి1, సి2 కలిపేయడం చాలు. సి1, సి2ని వైరుతో కట్టే 1939 నాటి గాలీ పద్ధతి నుంచి మొదలుపెట్టి దారులు చాలా ఉన్నాయి. ఈ పేషంట్లలో వైరు మాత్రమే వాడటం నాకు ఇష్టం లేదు, అరిగిన సి1 వంపు వైరుకి తెగిపోతుంది, పైగా ఇప్పటికే ఇరుకైన చోట వంపు కింద నుంచి వైరు దూర్చాలి. మాగెర్ల్ స్క్రూ సి2 నుంచి కీలు దాటి సి1లోకి వెళ్తుంది, చాలా గట్టిది, కానీ ముందే ఎముకలు సర్దుకుని ఉండాలి, మెడ ఎముకల్లోంచి మెదడుకి వెళ్లే వెర్టిబ్రల్ ధమని ఎత్తుగా పోతుంటే దారి ఉండదు. నా ఎంపిక గోయల్ 1994లో ప్లేట్‌తో, హార్మ్స్ 2001లో రాడ్‌తో వివరించిన పద్ధతి: సి1 రెండు పక్కలా ఉండే ఎముక ముద్దల్లో విడిగా, సి2లో విడిగా స్క్రూలు వేసి తర్వాత కలపడం. స్క్రూలు వేశాక కూడా జారిన ఎముకని వెనక్కి లాగొచ్చు. సి2 నరం చుట్టూ సిరల రక్తస్రావం ఉంటుంది, ఓపిగ్గా ఆపుకోవాలి. ధమని దారిలో అడ్డముంటే సి2లో ల్యామినార్ స్క్రూకి (వెనక వంపు పలకలో వేసేది) మారతాను. ఏ పద్ధతైనా ధమని దారి చూపే సీటీ యాంజియో చూడకుండా కత్తి పట్టుకోవద్దు, ఎముక గ్రాఫ్ట్ లేకుండా మూయొద్దు. ఎముక అతుక్కోకపోతే ఈ మెత్తటి ఎముకలో ఏ స్క్రూ అయినా ఎప్పటికో ఒకప్పటికి ఊడుతుంది. ఇంకొకటి, మెడ తిప్పడంలో దాదాపు సగం సి1-సి2 దగ్గరే జరుగుతుంది, అది పోతుందని పేషంట్‌కి ముందే చెప్పాలి.

మూడో ఫిల్మ్‌కి ఇది చాలదు. సి1 కీళ్లే కూలిపోయాయి, కాబట్టి తల ఎముక నుంచి సి2 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి కలపాలి. ముందు ట్రాక్షన్ పెట్టి, అంటే తలని బరువుతో పైకి లాగి చూడండి. మెలకువగా ఉన్న మనిషికి, తక్కువ బరువుతో, రోజూ నరాల పరీక్ష చేస్తూ. డెన్స్ కిందికి దిగితే ఆ స్థితిలోనే బిగించాలి. దిగకపోతే సి1 వెనక వంపు, తల రంధ్రం వెనక అంచు తీసి చోటు చేసి బిగించాలి. నోటి ద్వారా వెళ్లి డెన్స్ తీసేయాలని ఇద్దరు రాశారు. ప్యానస్ మాత్రమే నొక్కుతుంటే తొందరపడొద్దు, కదలిక ఆగితే కొన్ని నెలల్లో అది తనంతట తానే చిక్కుతుంది. వెనక నుంచి బిగించాక కూడా ముందు నుంచి ఎముక నొక్కుతూనే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

తల ఏ కోణంలో బిగిస్తున్నామన్నది స్క్రూల కంటే ముఖ్యం. గడ్డం లోపలికి వంచి బిగిస్తే గొంతు వెనక దారి ఇరుకై మింగలేరు, ఊపిరి కూడా కష్టమవుతుంది. ఆపరేషన్‌కి ముందు నిటారుగా కూర్చుని తీసిన ఫిల్మ్‌లో తలకీ సి2కీ మధ్య కోణం రాసుకోండి, రాడ్ బిగించే ముందు సి-ఆర్మ్‌లో (ఆపరేషన్ బల్ల దగ్గరి ఎక్స్‌రే యంత్రం) మళ్లీ కొలవండి, తగ్గి ఉంటే నట్లు వదులు చేసి సరిచేయండి.

మత్తు విషయం మీకు తెలిసిందే, మెలకువగా ఉండగానే ఫైబర్ ఆప్టిక్ కెమెరాతో చూస్తూ శ్వాస ట్యూబ్ వేయడం. మందుల గురించి రుమటాలజిస్ట్‌తో మాట్లాడండి. దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినవాళ్లని ముందే గుర్తించండి.

ఎప్పుడు చేయాలి? నరాల దెబ్బ తీవ్రతని బట్టి చేసిన రానావత్ తరగతుల్లో రెండు దగ్గర, అంటే బలహీనతగా ఉందని పేషంట్ చెబుతూ రిఫ్లెక్సులు పెరిగిన దశలో చేయడం మంచిది. మూడు-ఏలో బలం తగ్గడం పరీక్షలో తెలుస్తుంది, మనిషి ఇంకా నడుస్తుంటారు. మూడు-బీలో నడక పోతుంది, అప్పుడు చేస్తే ప్రాణానికే ముప్పు ఎక్కువ, తిరిగి నడిచేది కొద్దిమందే. వెనక గ్యాప్ 14 లోపు ఉంటే లక్షణాలు లేకపోయినా నేను ఆపరేషన్ గురించి మాట్లాడతాను. దీన్ని ఒప్పుకోని సీనియర్లు ఉన్నారు, వాళ్లతో వాదించే ముందు మీ కొలతలు సరిగ్గా ఉండాలి.

ప్రాక్టీస్. మూడో ఫిల్మ్ పాతదీ కొత్తదీ ట్రేసింగ్ కాగితం మీద విడివిడిగా గీయండి, సి2ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి చూడండి, సి1 ముందుకి ఎంత, కిందికి ఎంత కదిలిందో రెండు బాణాలతో చూపండి. పైన చెప్పిన కొలతలన్నీ రెండు ఫిల్ముల్లో, ప్రతిదీ మూడుసార్లు తీయండి. మీ మూడు నంబర్ల మధ్యే 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ మొదటినుంచి గీయండి. తర్వాత అదే పేషంట్‌కి ఆపరేషన్ ప్లాన్ ఒక పేజీలో రాయండి: ట్రాక్షన్‌లో దిగితే ఏమిటి, దిగకపోతే ఏమిటి, ఎడమ ధమని ఎత్తుగా ఉంటే సి2లో ఏ స్క్రూ, ఏ కోణంలో బిగిస్తారు. చివర్న మొదటి ఫిల్మ్‌లో వెనక గ్యాప్ 13కి బదులు 17 ఉండి, లక్షణాలేమీ లేకపోతే మీరు ఏం చేస్తారో రెండు లైన్లలో రాయండి.