ఎలక్ట్రాన్ విన్యాసాలు – 5వ పాఠం: టంగ్‌స్టన్ దగ్గర తడబడకుండా

పోయిన పాఠంలో క్రోమియం మెలిక చూశాం: సగం నిండిన డికి స్థిరత్వం ఎక్కువ కాబట్టి 4ఎస్‌లోని ఒక ఎలక్ట్రాన్ 3డికి జరిగి 3డి⁵ 4ఎస్¹ అవుతుంది (4ఎస్, 3డి అంటే ఎలక్ట్రాన్లు ఉండే ఉపకర్పరాలు; పైనున్న చిన్న అంకె అందులోని ఎలక్ట్రాన్ల సంఖ్య). దాని కింది మాలిబ్డినందీ అదే దారి, 4డి⁵ 5ఎస్¹. అదే గ్రూపులో ఇంకో మెట్టు దిగితే టంగ్‌స్టన్, పరమాణు సంఖ్య 74. ముందుకు చదవకుండా ఒకసారి కాగితం మీద రాసి చూడండి.

రాశారా? దగ్గరి జడవాయువు జినాన్, 54. ఆ 54 ఎలక్ట్రాన్లను [జినాన్] అని రాసి పక్కన పెట్టేస్తే 20 మిగిలాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: 6ఎస్‌లో రెండు వేసి నేరుగా 5డికి దూకుతారు. 5డిలో పట్టేవి పదే కదా, మిగతా ఎనిమిదీ ఎక్కడ పెడతారు? 6ఎస్ తర్వాత వంతు 4ఎఫ్‌ది. దానికి 14 ఇచ్చేస్తే 5డికి దక్కేవి నాలుగు.

[జినాన్] 4ఎఫ్¹⁴ 5డి⁴ 6ఎస్²

నేనైతే 68 అనే అంకెను గుర్తుపెట్టుకుంటాను (54 + 14). హాఫ్నియం (72) నుంచి పాదరసం (80) దాకా పరమాణు సంఖ్యలోంచి 68 తీసేయండి. మిగిలినవే 5డి, 6ఎస్ పంచుకునేవి. ఆస్మియానికి 8, బంగారానికి 11.

"సగం నిండితే స్థిరత్వం అన్నారుగా, మరి 5డి⁵ 6ఎస్¹ ఎందుకు కాలేదు?" అని మీరు అడగాలి. ఇంత బరువైన కేంద్రకం దగ్గర ఎస్ ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో చెప్పుకోదగ్గ వంతు ఉంటుంది. ఆ సాపేక్షతా ప్రభావంతో 6ఎస్ ముడుచుకుని, దాని శక్తి కిందికి దిగుతుంది. అందులోంచి ఎలక్ట్రాన్‌ని లాగి 5డిలో వేయడం క్రోమియంలో అయినంత తేలిక కాదు. అన్నట్టు, బంగారం పసుపు రంగుకీ కారణం ఇదే: 5డి, 6ఎస్ మధ్య ఎడం తగ్గి నీలి కాంతిని పీల్చేసుకుంటుంది.

ప్లాటినం (78) ఇంకా మొండిది. లెక్క ప్రకారం 5డి⁸ 6ఎస్² రావాలి, ఉన్నది 5డి⁹ 6ఎస్¹. సగమూ కాదు, నిండుగానూ లేదు! పల్లాడియం (46) అయితే 5ఎస్‌ని పూర్తిగా ఖాళీ చేసి 4డి¹⁰ అయి కూర్చుంటుంది. ఈ రెండింటినీ బట్టీ పట్టడమే, వేరే దారి లేదు.

అయాన్లలో (ఇక్కడ, ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల్లో) మాత్రం ఈ గొడవ ఉండదు. ముందు పోయేది 6ఎస్సే. ప్లాటినం²⁺ అంటే 10లోంచి 2 పోగా 8, అన్నీ 5డిలోనే: 5డి⁸. కాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం ఉండేది ఈ రూపంలోనే.

వచ్చే పాఠానికి: ఇరిడియం (77), ఇరిడియం³⁺, బంగారం³⁺. మూడోదాని జవాబు ఇప్పటికే ఈ పాఠంలో మీ కంటపడింది.