పాత రేడియల్ ఆర్మ్ రంపం: కొనే ముందు చూడవలసినవి, కొన్నాక సరిచేయవలసినవి

అమెరికాలో ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజి సామాను అమ్మేవాళ్ల దగ్గర పాత రేడియల్ ఆర్మ్ రంపం కనిపించడం ఇప్పటికీ మామూలే. కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా స్విచ్చి నొక్కి మోటారు తిరుగుతోందో లేదో చూస్తారు. నా దృష్టిలో అది చివర చూడవలసిన సంగతి. మొరాయించే మోటారును చాలాసార్లు బాగు చేయించుకోవచ్చు గాని, నిలకడ లేని చేయి ఉన్న రంపంతో మూలకు సరిపోయే కోత ఏనాటికీ రాదు.

ఈ యంత్రంలో బల్ల వెనుక ఒక స్తంభం, దాని మీది నుంచి బల్ల పైకి చాచిన చేయి, చేయి పొడవునా బేరింగుల మీద నడిచే బండి, బండికి వేలాడే మోటారు, మోటారు ఇరుసుకే నేరుగా బిగించిన బ్లేడు ఉంటాయి. చెక్క కదలదు, బ్లేడే దాని మీదికి వస్తుంది. రేమండ్ డివాల్ట్ 1922లో న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌టన్‌లో దీన్ని రూపొందించాడు. ఆయన పేరుతో వెలసిన కంపెనీ 1950లలో అమ్మిన రంపాలకు పోత ఇనుప చేయి ఉండేది కనుక, వడ్రంగం తెలిసినవాళ్లు నేటికీ వాటిని వెతికి మరీ కొంటారు. తర్వాతి దశాబ్దాల్లో ఇళ్ల కోసం చౌకగా వచ్చిన రేకు చేతుల రంపాలు అంత బిగువుగా ఉండవు.

పరీక్షను రంపపు చేయి నుంచే మొదలుపెట్టాలి. చేతిని సున్నా డిగ్రీల దగ్గర నిలిపి, తాళం బిగించి, దాని కొసను పట్టుకుని పక్కకు నెట్టి వదలాలి. కాస్త వంగడం ఏ రంపానికైనా సహజం. వదిలాక మునుపటి చోటికే వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. స్తంభం దగ్గర 'టక్' మని చప్పుడు వస్తే అక్కడ వదులున్నట్టే. స్తంభాన్ని పట్టి ఉంచే బోల్టులు బిగిస్తే ఆ వదులు పోవచ్చు కాబట్టి, వీలైతే అక్కడే బిగించి మళ్లీ నెట్టి చూడాలి. తర్వాత బండిని వెనుక నుంచి ముందుకు మెల్లగా లాగాలి. మధ్యలో పట్టేస్తుంటే వెంటనే యంత్రాన్ని తప్పు పట్టకూడదు. ఏళ్ల తరబడి పేరుకున్న పైన్ జిగురు, రంపపు పొట్టు కలిసి పట్టాల మీద గట్టి పొరలా అంటుకుని ఉంటాయి. మినరల్ స్పిరిట్స్‌లో (రంగు పలచన చేసే ద్రావకం) ముంచిన గుడ్డతో తుడిచి మళ్లీ లాగి చూడాలి. బేరింగుల వదులును సరిచేసే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంటుంది గాని, పట్టాయే ఒకచోట అరిగి పల్లం పడితే ఆ రంపాన్ని వదిలేయడం మేలు. ఇరుసును వేళ్లతో తిప్పినప్పుడు గరగరలాడితే మోటారు బేరింగులు మార్చాలి, తీగ తొడుగు పగిలి ఉంటే తీగ మార్చాలి. ఈ రెండూ బేరంలో ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి.

బ్లేడు కాపు, అంటే దాన్ని కప్పే రక్షణ తొడుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1958 నుంచి 1992 వరకు అమ్ముడైన క్రాఫ్ట్స్‌మన్ బ్రాండు రేడియల్ ఆర్మ్ రంపాల కాపు బ్లేడును పూర్తిగా కప్పడం లేదని, అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘంతో కలిసి తయారీ సంస్థ 2000 సంవత్సరంలో సుమారు 37 లక్షల రంపాలకు రీకాల్, అంటే లోపం సరిదిద్దే పిలుపు, ప్రకటించింది. క్రాఫ్ట్స్‌మన్ రంపం మోడల్ నంబరు 113తో మొదలైతే, కొత్త కాపు బిగించి ఉందో లేదో చూసి తీరాలి.

ఇంటికి తెచ్చాక సరిచేసే పనికి ఒక వరుస ఉంది. ముందు బల్ల చేతికి సమాంతరంగా ఉండాలి. తర్వాత బండి నడక ఫెన్సుకు, అంటే చెక్కను ఆనించే అడ్డపట్టీకి, లంబంగా ఉండాలి. ఆపైన బ్లేడు బల్లకు నిలువుగా ఉండాలి. చివరగా బ్లేడు తన నడక దారికి ఏటవాలుగా లేకుండా చూడాలి. నేను మొదటిసారి ఫెన్సు లంబం కుదిర్చాక బల్ల ఎత్తు సవరించి, కుదిరిందంతా చెడగొట్టుకుని, మరునాడు మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. లంబం తేల్చడానికి సులువైన దారి ఇది: వెడల్పాటి పలకను కోసి, ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండింటినీ ఫెన్సుకు ఆనించి కోసిన అంచులు కలపాలి. కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు ఉంటుంది కనుక వెంట్రుకవాసి తేడా కూడా కంటికి ఆనుతుంది.

నాలుగోది చాలామంది చేయరు. అందుకే 'ఈ రంపం పెచ్చులు లేపుతుంది' అన్న ఫిర్యాదు వినిపిస్తుంది. ప్లగ్గు తీసి, ఒక చెక్కముక్కను బల్లకు బిగించి, బ్లేడు ముందు భాగంలో ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టి, అది ముక్కను తాకీ తాకనట్టు ఉండేలా చూడాలి. తర్వాత అదే పన్నును వెనక్కి తిప్పి, బండిని ముందుకు జరిపి, మళ్లీ ముక్క దగ్గరికి తేవాలి. అక్కడ సందు కనిపించినా, పన్ను ఒరుసుకున్నా, మోటారును పట్టే బోల్టులు వదులు చేసి సరిదిద్దాలి.

కోసేటప్పుడు గుర్తుంచుకోవలసిన అసలు విషయం, బ్లేడు తిరిగే తీరు వల్ల బండి తానుగా మీ వైపు ఎగబాకి వస్తుందన్నది. అందుచేత లాగడం కన్నా ఆపి పట్టడమే మీ పని: మణికట్టు, మోచేయి బిగబట్టి, రంపాన్ని నెమ్మదిగా రానివ్వాలి. పంటి వాలు (పళ్లు ముందుకో వెనక్కో ఒరిగిన కోణం) మైనస్ 5 నుంచి ప్లస్ 5 డిగ్రీల మధ్య ఉన్న బ్లేడు వాడితే ఈ దూకుడు బాగా తగ్గుతుంది. బల్ల రంపం నుంచి తీసిన నిలువుకోత (చెక్క నార వెంట కోసే) బ్లేడును దీనికి తగిలించకూడదు. చెక్క ఫెన్సుకు పూర్తిగా ఆనాలి, దాన్ని పట్టిన చేయి కోత దారికి కనీసం 6 అంగుళాల దూరంలో ఉండాలి, కోత అయ్యాక బండిని ఫెన్సు వెనక్కి నెట్టి మోటారు ఆగాకే ముక్క తీయాలి.

మోటారును అడ్డంగా తిప్పి నిలువుకోత కూడా కోయవచ్చని పాత కరపత్రాలు చెబుతాయి. నేను ఆ పని చేయను, చేయమని ఎవరికీ చెప్పను. పలకను పొరపాటున బ్లేడు తిరిగే దిశలోనే తోస్తే, బ్లేడు దాన్ని మీ చేతిలోంచి లాక్కుని ఈటెలా విసిరేస్తుంది. రంపపు చేతిని సున్నా డిగ్రీల దగ్గర, అంటే ఫెన్సుకు లంబంగా, స్థిరపరచి, అడ్డకోతలకు, అడ్డగాడులకు మాత్రమే వాడితే, సరిచేసిన కొలతలు కూడా చాలాకాలం నిలుస్తాయి.

స్వదేశానికి తిరిగి వెళ్తూ దీన్ని కంటెయినర్లో వేసుకుందామనుకునే మనవాళ్లకు ఒక మాట. ఈ మోటార్లు 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినవి. 240 వోల్టులకు మార్చుకునే వీలున్న మోటారైనా మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 3,450 చుట్లకు బదులు సుమారు 2,875 చుట్లే తిరుగుతుంది, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ హెర్ట్జ్‌ను మార్చదు. కాబట్టి రంపాన్ని అక్కడే మంచి చేతిలో పెట్టి, బ్లేడులు, మూలమట్టం మాత్రం వెంట తెచ్చుకోవడం ఉత్తమం.